పికప్ కింద ఆయిల్ మరక: గేర్‌బాక్స్ దించే పని లేకుండానే తేలిపోయింది

బంగారుపాళ్యం మార్కెట్‌కి తోతాపురి మామిడి లోడ్ తోలే మా పాత డీజిల్ పికప్ కింద రోజూ పొద్దున్నే నల్లటి మరక. ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ అయితే పల్చగా, రంగుగా ఉంటుంది. ఇది జిడ్డు, ఇంజన్ ఆయిలే. చిత్తూరులో ఒక మెకానిక్ తొంగిచూసి, "వెనక క్రాంక్ సీల్ పోయిందన్నా, గేర్‌బాక్స్ దించాల" అన్నాడు. ఇంజన్ వెనక, గేర్‌బాక్స్ వైపు ఆయిల్ బయటికి రాకుండా ఆపే రింగు అది. ఖర్చు తలుచుకుంటేనే టెన్షన్. కానీ పైన ఎక్కడ కారినా ఆయిల్ చేరేది అడుక్కే కదా!

ఇంజన్ చల్లారాక శుభ్రంగా తుడిచి, కాసేపు నడిపి టార్చ్ వేశాను. ఇంజన్ పైమూత, అంటే ట్యాపెట్ కవర్, వెనక మూల నుంచి ఇంజన్‌కి గేర్‌బాక్స్ కలిసే బెల్ హౌసింగ్ దాకా సన్నటి తడి గీత. కవర్ విప్పితే రబ్బరు ప్యాకింగ్ గట్టిపడిపోయి, వంచగానే పుటుక్కున విరిగింది. కొత్తది వేసి, బోల్టులు మధ్య నుంచి అంచులకు కొంచెం కొంచెంగా బిగించాను. బలం చూపిస్తే కవర్ వంగి మళ్లీ కారుతుంది. డిప్‌స్టిక్ చూసి తగ్గిన ఆయిల్ పోశాను. కింద పరిచిన అట్టముక్క ఇప్పటికీ పొడిగానే ఉంది.