టోక్యోకి కొత్తగా వచ్చినవాళ్లు షిమురా కెన్ గురించి ఎందుకు తెలుసుకోవాలంటే

వార్డు ఆఫీసులో అడ్రసు నమోదు, ఏ రోజు ఏ చెత్త బయట పెట్టాలి, ఫోన్ సిమ్... ఇవన్నీ మీ ముందు వచ్చినవాళ్లు ఎలాగూ చెప్తారు. ఇక్కడి మనుషులకు దగ్గరవ్వాలంటే మాత్రం టీవీ హాస్యనటుడు షిమురా కెన్ ఎవరో తెలుసుకోండి.

మా పాప ఇక్కడి హోయికుఎన్‌లో (మన క్రెష్ లాంటిది) చేరిన కొత్తలో ఏడుస్తూ ఇంటికొచ్చింది. రాయి-కాగితం-కత్తెర ఆటలో అందరూ ముందు ఒకసారి పిడికిలి చాపుతున్నారట, తనేమో నేరుగా కాగితం పెట్టేస్తోందట. ఇక్కడి పిల్లలు 'సైషో వా గూ' అని మొదట అందరూ పిడికిలి చూపించి, ఆ తర్వాతే 'జాన్ కెన్ పోన్' అంటారు. ఈ పద్ధతిని టీవీ ద్వారా దేశమంతా పాకించింది షిమురా కెనే అని చెప్పుకుంటారు. మీ పిల్లలకు బడి మొదలయ్యే ముందే ఇది నేర్పండి. ఆఫీసులో మిగిలిన స్వీట్ ఎవరికి అనేది కూడా చాలాసార్లు ఇలాగే తేలుతుంది.

ఆయన 1950 ఫిబ్రవరి 20న టోక్యో శివారు హిగాషిమురయామాలో పుట్టారు. హైస్కూల్ చదువు ముగుస్తుండగా, 1968లో 'ది డ్రిఫ్టర్స్' అనే పాటలు, హాస్యం చేసే బృందంలో సామాన్లు మోసే కుర్రాడిగా చేరారు. ఒక సభ్యుడు తప్పుకోవడంతో 1974లో ఆ చోటు ఆయనకు దక్కింది. తెర వెనక చాకిరీ చేసి పైకొచ్చిన మనిషి కాబట్టే నాకు ఆయనంటే అంత గౌరవం. ఆ బృందం శనివారం రాత్రి 8 గంటలకు చేసే కార్యక్రమం 1969 నుంచి 1985 దాకా నడిచింది. హాల్లో ప్రేక్షకుల ముందు లైవ్. వేదిక మీద కట్టిన ఇల్లు కూలిపోయేది, పైనుంచి ఇత్తడి రంగు తొట్టి వచ్చి నెత్తిన పడేది. షిమురా వెనక దెయ్యం వచ్చి నిలబడితే, హాల్లో పిల్లలంతా 'షిమురా, ఉషిరో!' అని గొంతు చించుకునేవాళ్లు. ఉషిరో అంటే వెనక.

మా మేనేజర్ యాభై దాటినాయన, పని తప్ప ఇంకో మాట మాట్లాడరు. ఒకరోజు భోజనాల దగ్గర నేను ఈ పేరు ఎత్తాను. ఆయన చాప్‌స్టిక్స్ కింద పెట్టి, నా భుజం పైనుంచి వెనక్కి వేలు చూపిస్తూ 'ఉషిరో! ఉషిరో!' అన్నారు. ఆ తర్వాత అరగంట సేపు తన చిన్ననాటి శనివారాల గురించే చెప్పారు.

1987లో మొదలైన ఆయన సొంత కార్యక్రమం పేరులో 'దైజోబు దా' అని ఉంటుంది, 'ఏం ఫర్వాలేదు' అని. ఈ దైజోబు దగ్గర కొత్తవాళ్లు తికమకపడతారు. షాపులో కవర్ కావాలా అని అడిగినప్పుడు 'దైజోబు దెసు' అంటే 'వద్దు' అని అర్థం. కావాలంటే 'హాయ్, ఒనెగాయ్ షిమాసు' అనండి.

ముఖానికి తెల్లరంగు, నెత్తిన నిలువు పిలకతో ఆయన వేసిన తిక్క రాజు వేషం చాలా పేరు తెచ్చింది. అయితే ఆ పాత స్కిట్లలో అసభ్యంగా ఉండేవీ ఉన్నాయి, అప్పట్లోనే తల్లిదండ్రుల సంఘాలు గొడవ చేశాయి. పిల్లలకు చూపించే ముందు మీరు ఒకసారి చూసుకోండి.

2020 మార్చి 29న కోవిడ్‌తో ఆయన పోయారు, 70 ఏళ్లు. ఇంట్లోవాళ్లకు ఆఖరిచూపు కూడా దక్కలేదు, అస్థికలే ఇంటికొచ్చాయి. ఆ విషయం వచ్చినప్పుడు ఇక్కడివాళ్లు ఇంటి మనిషిని తలుచుకున్నట్టు మాట్లాడతారు. అప్పుడు మాట మార్చకుండా వినండి.

ఒక ఆదివారం హిగాషిమురయామా వెళ్లి రండి. మనవాళ్లు ఎక్కువగా ఉండే నిషికసాయ్ నుంచి తోజాయ్ లైన్‌లో తకదనోబాబా, అక్కడ సెయ్‌బు షింజుకు లైన్‌కి మారాలి. తూర్పు వైపు దిగితే, 1976లో ఈ ఊరి పాట పాడి ఊరికి పేరు తెచ్చినందుకు ఆయన పేరున నాటిన మూడు చెట్లు ఉంటాయి. జనం చందాలతో 2021లో పెట్టిన విగ్రహమూ అక్కడే. గడ్డం ముందుకు చాపి, దాని కింద చేయి అడ్డంగా పెట్టిన ఆ భంగిమని 'ఐ...న్' అంటారు. అక్కడ ఎవరైనా పెద్దావిడని ఫొటో తీయమని అడిగి, మీరూ అలాగే నిలబడండి.