ఆరు జట్ల బేస్‌బాల్ సీజన్: 1871 లెక్కలు దగ్గర పెట్టుకుని

హన్మకొండలోనో కరీంనగర్‌లోనో ఆరు కాలేజీ జట్లను పోగేసి బేస్‌బాల్ లీగ్ పెట్టాలంటే బ్యాట్ల కన్నా ముందు కావాల్సింది తెల్లకాగితం. ఏది గెలుపు కింద లెక్క, మధ్యలో మానేసిన జట్టును ఏం చేయాలి, ఎవరు ఎవరికి ఆడొచ్చు అన్నవి మొదటి బంతి పడకముందే రాసి, కెప్టెన్లందరి సంతకాలూ తీసుకోవాలి.

అమెరికాలో మొదటి ప్రొఫెషనల్ లీగ్ నేషనల్ అసోసియేషన్ సరిగ్గా ఇక్కడే చిక్కుల్లో పడింది. 1871 మార్చి 17న న్యూయార్క్‌లో పుట్టింది. చేరడానికి క్లబ్బుకు 10 డాలర్లు. షెడ్యూల్ అంటూ లేదు. ఒక్కో ప్రత్యర్థితో ఐదు మ్యాచ్‌ల సిరీస్ ఆడాలి, తేదీలు క్లబ్బులే మాట్లాడుకోవాలి. ఫోర్ట్ వేన్ జట్టు సీజన్ సగంలో చేతులెత్తేసింది. దాని జాగాలోకి వచ్చిన బ్రూక్లిన్ ఎక్‌ఫర్డ్ ఆడిన మ్యాచ్‌లు లెక్కలోకే రాలేదు. రాక్‌ఫర్డ్ జట్టు అర్హత లేని స్కాట్ హేస్టింగ్స్‌ను ఆడించినందుకు గెలిచిన మ్యాచ్‌లు కూడా ఓటములయ్యాయి. అక్టోబర్ అగ్నిప్రమాదంలో చికాగో జట్టు గ్రౌండ్, యూనిఫాంలు బూడిదయ్యాయి. అరువు బట్టలతోనే అక్టోబర్ 30న బ్రూక్లిన్‌లో ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్‌తో తలపడి 4–1తో ఓడింది. ఛాంపియన్‌షిప్ అథ్లెటిక్స్‌కు దక్కింది.

అందుకే మన కాగితంలో మూడు షరతులు తప్పనిసరి. మానేసిన జట్టు సగం కన్నా తక్కువ మ్యాచ్‌లు ఆడి ఉంటే దాని ఫలితాలన్నీ కొట్టేయండి. సగమో అంతకన్నా ఎక్కువో ఆడి ఉంటే మిగిలినవి ఎదుటి జట్లకు గెలుపులుగా ఇవ్వండి. ఇది రాసుకోకపోతే ఆ బలహీన జట్టును ముందే ఓడించినవాళ్లకు లాభం, ఇంకా ఆడనివాళ్లకు నష్టం. రెండోది, ఆటగాళ్ల జాబితా మొదటి మ్యాచ్ రోజుకే మూసేయాలి, ఒక కుర్రాడు ఒక్క జట్టుకే. అర్హత లేనివాడు దిగితే మ్యాచ్ 7–0తో పోయినట్టే (మనం ఆడేది ఏడు ఇన్నింగ్స్ కాబట్టి). మూడోది, సమానంగా నిలిస్తే ముందు ముఖాముఖి ఫలితం, తర్వాత పరుగుల తేడా.

ఆరు జట్లు రెండేసి సార్లు తలపడితే 30 మ్యాచ్‌లు. శని, ఆదివారాల్లో రోజుకు మూడు పెడితే ఐదు వారాలు. జట్లకు 1 నుంచి 6 దాకా అంకెలు వేసుకోండి. మొదటి రౌండ్ 1–6, 2–5, 3–4. ఒకటో జట్టును కదపకుండా మిగతా ఐదింటినీ ఒక్కో స్థానం జరపండి: 1–5, 6–4, 2–3. తర్వాత 1–4, 5–3, 6–2. ఇలాగే ఐదు రౌండ్లు. మళ్లీ మొదటి నుంచి, ఈసారి ముందు బ్యాటింగ్ తారుమారు చేసి. నవంబర్, డిసెంబర్ మంచి నెలలు. సీజన్ ఫిబ్రవరి దాకా జరిగితే, మేడారం జాతర ఉన్న ఏడాది ఆ వారాన్ని ఖాళీగా వదలండి. బస్సులన్నీ అటే పోతాయి, జట్లు రాలేవు.

డైమండ్‌కు, అంటే నాలుగు బేస్‌ల చతురస్రానికి, మొరం గ్రౌండ్ మేలు. నల్లరేగడి చిన్న వానకే కాలికి అంటుకుంటుంది. రూల్‌బుక్ బ్యాటర్ ముఖం తూర్పు-ఈశాన్యానికి ఉంటే మంచిదంటుంది కానీ, అది మధ్యాహ్నం ఆటకు. మనం పొద్దున ఏడింటికి మొదలుపెడతాం, అటు తిప్పితే ఎండ కళ్లలో కొడుతుంది. ఉత్తరానికి తిప్పండి.

రెండు 50 మీటర్ల ఫైబర్ టేపులు, ఇనుప మేకులు, ముగ్గుపిండి చాలు. గుల్ల సున్నం వద్దు, జారి పడ్డవాడి కళ్లు మండుతాయి. నైలాన్ తాడుతోనూ కొలవకండి, లాగినకొద్దీ సాగుతుంది. హోమ్ (బ్యాటర్ నిలబడే బేస్) మూలన ఒక మేకు, అక్కడి నుంచి ఉత్తరానికి 38.80 మీటర్ల దగ్గర ఇంకొకటి. అది సెకండ్ బేస్. ఒక టేపు హోమ్ మేకుకు, రెండోది సెకండ్ మేకుకు తగిలించి, రెండింటి మీదా 27.43 అంకె ఒకేచోట కలిసేలా కుడివైపు బిగువుగా లాగండి. కలిసిన చోట ఫస్ట్ బేస్, ఎడమవైపు థర్డ్. ఫస్ట్ నుంచి థర్డ్‌కు కొలిస్తే మళ్లీ 38.80 రావాలి. రాలేదంటే టేపు ఎక్కడో గడ్డికి తట్టుకుని వంగింది.

ఎక్కువమంది తప్పేది పిచర్ (బంతి వేసేవాడు) దగ్గర. ఎదురెదురు బేస్‌లను కలిపే గీతలు మధ్యలో కలిసేచోట రబ్బరు (పిచర్ కాలు మోపే పలక) పెట్టేస్తారు. అది హోమ్‌కు 19.40 మీటర్లు, రబ్బరు ఉండాల్సింది 18.44 దగ్గర, దాదాపు మీటరు ముందు. (1871లో పిచర్ గీత 45 అడుగులే, అంటే సుమారు 13.7 మీటర్లు, బంతి కింది చేత్తోనే వేసేవారు.)

బేస్‌లకు 38 సెంటీమీటర్ల గుడ్డ సంచులు కుట్టించి రైస్‌మిల్లు ఊక నింపండి. ఇసుక నింపితే రాయిలా గట్టిపడి చీలమండ మెలిపడుతుంది. కట్టే మేకు తల నేలలోపలికి దిగాలి.

స్కోర్‌షీట్ మీద సంతకం పెట్టేముందు ఒక్క కూడిక వేయండి. ఒక జట్టులో బ్యాటింగ్‌కు ఎన్నిసార్లు వచ్చారో, ఆ అంకె మూడింటి మొత్తానికి సమానం కావాలి: వాళ్ల పరుగులు, బేస్‌ల మీద మిగిలిపోయినవాళ్లు, వాళ్లలో అవుటైనవాళ్లు. 34 సార్లు వస్తే 6 పరుగులు, 7 మంది మిగిలారు, 21 అవుట్లు, సరిపోయింది. ఒకటి తగ్గితే వాక్‌తో (నాలుగు చెడ్డ బంతులు పడి ఊరికే ఫస్ట్ బేస్‌కు) వెళ్లినవాణ్ని రాయడం మరిచారేమో చూడండి.

పట్టికలో గెలుపు, ఓటములతో పాటు గెలుపు నిష్పత్తి కూడా మూడు దశాంశాల దాకా వేయండి. మొదటి జట్టు కన్నా ఎన్ని మ్యాచ్‌లు వెనకో ఆ లెక్క ఇలా: గెలుపుల తేడా, ఓటముల తేడా కలిపి సగం. 1871లో (గెలుపులు–ఓటములు) అథ్లెటిక్స్ 21–7, బోస్టన్ 20–10, చికాగో 19–9. బోస్టన్, చికాగో రెండూ రెండేసి మ్యాచ్‌లే వెనక. నిష్పత్తిలో మాత్రం చికాగో 0.679, బోస్టన్ 0.667. వాన వల్ల మ్యాచ్‌ల సంఖ్య జట్టుకోలా ఉన్నప్పుడు స్థానాలు ఈ నిష్పత్తి గడి చూసే వేయండి.