వానలు రాకముందే కారులో తిండి డబ్బా సర్దుకోండి

2024 సెప్టెంబర్ 1న మున్నేరు నది పొంగి ఐతవరం దగ్గర విజయవాడ-హైదరాబాద్ హైవే మీదకి నీళ్లొచ్చినప్పుడు ఎక్కడి బండ్లు అక్కడే ఆగిపోయాయి, ఆ రోజే బుడమేరు వాగు విజయవాడలో సింగ్‌నగర్‌ని ముంచింది. పిల్లలతో, పెద్దవాళ్లతో కారులో గంటలకొద్దీ ఇరుక్కుపోతే ఎంత టెన్షనో విజయవాడ వాళ్లకి చెప్పక్కర్లేదు. అందుకే వానలు మొదలయ్యేలోపు కారులో కాస్త తిండి పెట్టుకోండి.

కాకపోతే మన ఎండలకి అది నిలవ ఉండటమే కష్టం. బయట 44 డిగ్రీలుంటే, తలుపులేసి ఎండలో పెట్టిన కారు లోపల 60 దాటుతుంది. పోయిన వేసవిలో డ్యాష్‌బోర్డు అరలో పల్లీ చిక్కీలు మర్చిపోయాను. తీసి చూస్తే పాకం కరిగి కవరుకి అతుక్కుపోయింది, పల్లీలు పాత నూనె కంపు కొడుతున్నాయి, మా పాప ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని ఉమ్మేసింది. నూనె ఉన్నదేదైనా అంతే. జీడిపప్పు, చేగోడీలు, మిక్చర్, సున్నుండలు ప్రయాణం రోజున వెంట తీసుకెళ్లండి, కారులో నిలవ మాత్రం పెట్టొద్దు.

నిలవకి అటుకులు, మరమరాలు, పుట్నాల పప్పు, ఎండు ఖర్జూరం మంచివి. అటుకులైతే చన్నీళ్లలో తడిపి పంచదార కలిపినా పిల్లలు తినేస్తారు. బెల్లం వానాకాలం చెమ్మకి నీరు కారుతుంది, పంచదారే పెట్టండి. నాలుగైదు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, మనిషికి రెండు లీటర్ల నీళ్లు ఉండాలి. పసిపిల్లల పాలపొడి, ఇన్సులిన్ ఆ వేడిలో ఉంచకూడదు, బయల్దేరేటప్పుడే పట్టుకెళ్లండి.

అన్నీ బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలో పోయండి. ప్లాస్టిక్ కవర్లలో ఉంచితే వాసనకి ఎలుకలు దూరి, తిండితో ఆగకుండా వైర్లు కూడా కొరుకుతాయి, ఆ రిపేరు ఖర్చు మామూలుగా ఉండదు. శానిటైజర్, సెంటు, పెట్రోలు క్యాను దాని పక్కన వద్దు. డబ్బాని డిక్కీలో పెట్టొద్దండి, జోరు వానలో దిగి తియ్యలేరు, ముందు సీటు వెనక కింద పెడితే ఎండ తగలదు, చేతికీ అందుతుంది.

ప్రతి నెలా ఒకటో తారీఖున ఆ డబ్బా ఇంట్లోకి తెచ్చి వాసన చూసి, బాగుంటే ఆ సాయంత్రం అటుకుల పులిహోర చేసేసుకుని కొత్తవి నింపండి. నీళ్లు వారానికోసారి మార్చండి.

ఇంకో మాట, డబ్బాని భుజాన తగిలించుకునే సంచిలో ఉంచండి. చుట్టూ నీళ్లు పెరుగుతుంటే కారు అక్కడే వదిలేసి, ఆ సంచి తీసుకుని ఎత్తు మీదకి వెళ్లిపోవాలి.