విల్లు కొనేముందు చేతులు బార్లా చాచి కొలుచుకోండి

టేక్‌డౌన్ రికర్వ్ (కొసలు ముందుకు వంగి, ముక్కలుగా విడదీయగలిగే విల్లు) కొనాలా, హైబ్రిడ్ లాంగ్‌బో (పొడవాటి విల్లుకే రికర్వ్ వంపు కొద్దిగా కలిపినది) కొనాలా తేల్చుకోలేక చూడ్డానికి బాగున్నదే కొనేస్తుంటాం. నెల తిరిగేసరికి అది లాగలేనంత గట్టిగా అనిపిస్తుంది.

నాకు పనికొచ్చిన పద్ధతి ఇది. గోడకు వీపు ఆనించి, చేతులు బార్లా చాచి, ఒక మధ్యవేలి కొస నుంచి రెండో మధ్యవేలి కొస దాకా అంగుళాల్లో కొలిపించుకోండి. దాన్ని 2.5తో భాగిస్తే మీరు నారిని ఎంత దూరం లాగుతారో సుమారుగా తెలుస్తుంది. నాకు 65 వచ్చింది, అంటే 26 అంగుళాలు. విల్లు మీద రాసే పౌండ్లు, అంటే నారి లాగడానికి పట్టే బలం, మామూలుగా 28 అంగుళాల దగ్గర కొలిచినవి. అంగుళం తగ్గితే 2 పౌండ్ల దాకా తగ్గుతుంది. అందుకే 30 అని రాసి ఉన్న విల్లు నా చేతిలో సుమారు 26 పౌండ్లే.

ఇప్పుడు తెలిసినవాళ్ల విల్లు అడిగి, పూర్తిగా లాగి, పది లెక్కపెట్టేదాకా పట్టి ఉంచండి. తర్వాత నెమ్మదిగా వెనక్కి తేవాలి. బాణం లేకుండా నారి వదిలారో, విల్లు విరగొచ్చు. భుజం చెవి దగ్గరికి లేచినా, ముందు చెయ్యి వణికినా టేక్‌డౌనే తీసుకోండి, 20–25 పౌండ్ల లింబ్స్‌తో (పిడికి పైనా కిందా ఉండి వంగే రెండు భాగాలు). బలం పెరిగాక లింబ్స్ ఒక్కటే మార్చుకుంటే చాలు, మధ్యలోని పిడి అదే ఉంటుంది. చెయ్యి కదలకుండా నిలిచి, ఇక పౌండ్లు పెంచే ఆలోచన లేకపోతే హైబ్రిడ్ హాయిగా కొనుక్కోవచ్చు. ఒకే ముక్కగా వచ్చే రకంలో లింబ్స్ మార్చడం కుదరదు మరి.

ఒక్క జాగ్రత్త: మరలతో బిగించే లింబ్స్ ఒక కంపెనీవి ఇంకో కంపెనీ పిడికి సరిపోకపోవచ్చు. మీ మోడల్‌కు ఎక్కువ పౌండ్ల లింబ్స్ విడిగా దొరుకుతాయో లేదో ముందే అడగండి. దొరక్కపోతే ఈ లెక్కంతా వృథా.