అచ్చు ఆగిపోయిన పత్రికను గ్రంథాలయం నిలుపుకోవడం ఎలా?

2020 మార్చిలో కోవిడ్ లాక్‌డౌన్‌తో అచ్చు ఆగిన తెలుగు పత్రికల్లో కొన్ని మళ్లీ గ్రంథాలయాల బల్లల మీదికి రాలేదు. ఏదైనా పత్రిక ఇకపై అంతర్జాలంలో మాత్రమే వెలువడుతుందని ప్రకటిస్తే, శాఖా గ్రంథాలయం మొదట చేయవలసింది డిజిటల్ చందా కట్టడం కాదు, తన దగ్గరున్న అచ్చు సంచికలను సరిచూసుకోవడం. చివరి సంచిక తేదీని రిజిస్టరులో నమోదు చేసి, అందని సంచికల జాబితా రాసి, ప్రచురణకర్త దగ్గర నిల్వ ఉండగానే వాటిని తెప్పించుకుని, ఏడాదివారీగా బైండు చేయించాలి. పాత పత్రికలను తూకానికి అమ్మేటప్పుడు వీటిని తప్పనిసరిగా పక్కన పెట్టాలి. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయానికి పరిశోధకులు వెళ్లేది అక్కడ భద్రపరిచిన పాత పత్రికల కోసం కూడా.

ఈ జాగ్రత్తకు బలమైన కారణమే ఉంది. అమెరికాలో 1872 నుంచి వెలువడిన పాపులర్ సైన్స్ పత్రిక 2021లో అచ్చు మాని డిజిటల్‌కు మారింది. 2023లో ఆ డిజిటల్ సంచిక కూడా ఆగిపోయింది. బైండు చేసిన సంపుటం గ్రంథాలయం సొత్తు. డిజిటల్ చందా చాలా సందర్భాల్లో గడువున్నంత వరకు చదువుకునే అనుమతి మాత్రమే.

ముందే కట్టిన చందాలో మిగిలిన సొమ్మును తిరిగి ఇవ్వాలని లేదా సర్దుబాటు చేయాలని ప్రచురణకర్తకు లిఖితపూర్వకంగా రాయాలి. కొత్త చందా విషయంలో తొందరపడకూడదు. వ్యక్తిగత చందా తీసుకుని ఆ పాస్‌వర్డును పాఠకులందరికీ ఇవ్వడం సాధారణంగా నిబంధనలకు విరుద్ధం కనుక, సంస్థాగత చందా ఉందా, ఒకేసారి ఎందరు చదవవచ్చు, గడువు ముగిశాక పాత సంచికలు తెరుచుకుంటాయా, అవసరమైన పేజీని ప్రింటు తీయవచ్చా అనే ప్రశ్నలకు సమాధానాలు కాగితం మీద తీసుకోవాలి. మన గ్రంథాలయాలు ప్రధానంగా నడిచేది ఆస్తిపన్నుతో పాటు వసూలయ్యే గ్రంథాలయ పన్ను మీద; అది ప్రజల సొమ్ము కాబట్టి ఈ పట్టుదల అవసరం.

పాఠకుల సంగతి ఇంతకన్నా ముఖ్యం. రోజూ ఉదయాన్నే వచ్చి పత్రిక తిరగేసే పెద్దలకు, స్మార్ట్‌ఫోను లేనివారికి, అంతర్జాలంలో చూసుకోమని చెప్పి ఊరుకోవడం తలుపు మూయడమే అవుతుంది. పత్రిక ఉండే ర్యాకులోనే మార్పును తెలిపే అట్టను పెట్టాలి. పఠన మందిరంలో ఒక కంప్యూటరును పత్రికల కోసమే కేటాయించి, తాజా సంచికను ఉదయమే తెరిచి, అక్షరాలు పెద్దవి చేసే పద్ధతిని తెలుగులో రాసి పక్కనే అతికించాలి. మొదటి కొన్ని వారాలు సిబ్బందిలో ఒకరు దగ్గరుండి చూపించాలి.