లోపల నీలం, బయట తెలుపు: పాత కారు రంగులు పొసగకపోతే తప్పెక్కడుంది?

నేను కొన్న 1978 ప్రీమియర్ పద్మిని (కాగితాల్లో ఏమున్నా అనంతపురంలో దాన్ని ఫియట్ అనే అంటారు) బయటంతా తెలుపు, లోపల సీట్లేమో లేత నీలం రెక్సిన్. చూసినవాళ్లంతా ఒకటే మాట: "సీట్లు మార్చన్నా, నల్లవి వేయించు, బాగుంటాది." నేనూ సరేనని సీట్లు కుట్టే ఆయనకు అడ్వాన్సు ఇచ్చేశా. తీరా డోర్ ప్యాడ్ (తలుపుకు లోపలివైపు బిగించే అట్ట) ఊడదీసినాక తెలిసింది, సీట్లు సరైనవే, బయటి తెలుపే తర్వాత వచ్చింది. ఆ బండితో నేను పడ్డ తిప్పలే ఇవి.

సమస్య: బయటి రంగుకూ సీట్లకూ పొంతన లేదు

రంగన్నా మార్చి ఉంటారు, సీట్లన్నా మార్చి ఉంటారు. ఏది మారిందో తేలకముందే డబ్బు తీయొద్దు.

ముందు సీటు చూడండి. వెనక సీటు దిండు పైకెత్తి తిరగేసి, ఒక మూల కుట్టు రెండంగుళాలు విప్పండి. కుట్టు లోపలికి మడిచిన అంచుకు ఎండ తగలదు, కాబట్టి రెక్సిన్ అసలు రంగు అక్కడే ఉంటుంది. నా సీటు పైకి బూడిద కలిసిన నీలంగా ఉంది. మడతలో మాత్రం ఉతికి ఆరేసిన స్కూలు చొక్కా నీలం.

తర్వాత డోర్ ప్యాడ్. చదునైన స్క్రూడ్రైవర్‌కు గుడ్డ చుట్టి, ప్యాడ్ అంచు కింద సరిగ్గా క్లిప్పు పక్కనే దూర్చి లేపండి. రెండు క్లిప్పుల మధ్య పట్టి లాగితే వెనకున్న బోర్డు చిరిగి, క్లిప్పు డోర్‌కే ఉండిపోతుంది. నేను మొదటి ప్యాడ్ అలాగే పాడు చేసుకున్నా. రీపెయింట్ చేసేవాళ్లు ప్యాడ్ వెనకదాకా స్ప్రే గన్ను పట్టరు. నా కుడి డోర్ వెనక లేత నీలం నిన్న కొట్టినట్టుంది.

ఇక్కడే ఇంకో మెలిక. ఎడమ డోర్ వెనక మెరూన్ బయటపడింది! ఎప్పుడో యాక్సిడెంటయి వేరే బండి డోర్ తగిలించారన్నమాట. అందుకే ఒక్కచోట చూసి నమ్మొద్దు. డిక్కీలో స్టెప్నీ కింద, డ్యాష్‌బోర్డు వెనక, అద్దం బీడింగ్ కింద కూడా చూసి, కనీసం మూడు చోట్ల ఒకే రంగు వస్తేనే ఖాయం చేసుకోండి.

అప్పటికీ అనుమానం తీరకపోతే డిక్కీ లోపలి అంచున రూపాయి బిళ్లంత మేర 800 నంబరు వాటర్ పేపర్‌తో మెల్లగా రుద్ది, 1500తో నున్నగా చేయండి. కర్నూలు ఎర్రగడ్డను అడ్డంగా కోసినట్టు వలయాలు కనిపిస్తాయి: తెలుపు, ప్రైమర్, ఇంకో రంగు, మళ్లీ ప్రైమర్, చివరికి రేకు. మెరుపు లేకుండా సున్నంలా ఉండే పొర ప్రైమర్. దాన్ని రంగనుకుని పొరబడొద్దు. రేకుకు అన్నిటికంటే దగ్గరగా ఉన్న అసలు రంగే ఫ్యాక్టరీది. ఎంత చిన్న చోటయినా నీళ్లు పోస్తూనే రుద్దాలి, పాత రంగుల్లో సీసం ఉండొచ్చు.

అమెరికా బళ్లవాళ్లకు ఇంత శ్రమ లేదు. పాత షెవర్లేలకు ఫైర్‌వాల్ (ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్య ఉండే రేకు గోడ) మీద రేకు ముక్క ఉంటుంది, పెయింట్ కోడ్, లోపలి ట్రిమ్ కోడ్ రెండూ దాని మీదే కొట్టి ఉంటాయి. నా ఫియట్ ప్లేటు మీద రంగు ఊసే లేదు.

సమస్య: షెడ్డులో కలిసిన షేడ్ ఎండలో తేడా కొడుతోంది

రంగు కలిపినాయన తప్పు కాకపోవచ్చు. వేర్వేరు పిగ్మెంట్లతో చేసిన రెండు రంగులు ట్యూబ్‌లైట్ కింద ఒకటిగా, ఎండలో రెండుగా కనిపించడం మామూలే. పైగా తడిమీద ఒక షేడ్, ఆరితే ఇంకో షేడ్. చిన్న రేకు ముక్క మీద గన్నుతోనే కొట్టించి, పూర్తిగా ఆరనిచ్చి, పొద్దున ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి చూడండి. శాంపిల్‌గా బానెట్ ముక్క చూపించొద్దు, అది ఎండకు వెలిసి ఉంటుంది. ప్యాడ్ వెనక రంగు చూపించండి.

సమస్య: కొత్త రంగు వేయగానే ముడతలు లేచాయి

కింద సింథటిక్ ఎనామిల్ ఉండి, దాని మీద ఘాటు థిన్నర్ కలిపిన రంగు పడితే కింది పొర ఉబ్బి ముడత పడుతుంది. ముందే పరీక్ష చేసుకోవచ్చు. కనపడని చోట ఎన్‌సీ థిన్నర్‌లో (నైట్రోసెల్యులోజ్ లాకర్‌కు వాడేది) ముంచిన దూదితో రుద్దండి. రంగు కరిగి దూదికి వచ్చేస్తే లాకర్, ఉబ్బి ముడత పడితే ఎనామిల్, ఏమీ కాకపోతే పీయూ, అంటే పాలీయురిథేన్ రంగు. మన షాపుల్లో ఇప్పటికీ కారు రంగును "డ్యూకో" అంటారే, అది డ్యూపాంట్ కంపెనీ 1920ల్లో తెచ్చిన లాకర్ పేరు. ముడతల మీద ఇంకో కోటు కొట్టి దాచాలని చూడొద్దు. ఆరనిచ్చి గీకి, అవసరమైతే రేకుదాకా పోవాల్సిందే.

సమస్య: తెలుపు మీద గులాబీ ఛాయ

కింద పాత ఎరుపో మెరూనో ఉంది, దాని రంగు పైకి ఊరుతోంది. ఎన్ని కోట్లు వేసినా ఆగదు. కింది రంగు పైకి ఊరకుండా ఆపే సీలర్ కొట్టండి, లేదా ఎరుపంతా తీసేయండి. మెరూన్ డోర్ ఉన్న నాకు ఇది ముందే తెలిసినందుకు బతికిపోయా.

సమస్య: రంగులో చిన్న చిన్న గుంటలు (ఫిష్ ఐ)

డ్యాష్‌బోర్డుకూ సీట్లకూ రాసే మెరుపు పాలిష్‌లో సిలికాన్ ఉంటుంది. లోపల మెరుగుకని రాసిందే డోర్ అంచుల్లో రంగును చెడగొడుతుంది. పెయింట్‌కు ఇచ్చే ముందు ఆ పాలిష్ జోలికి పోవద్దు. రేకును వ్యాక్స్ రిమూవర్‌తో రెండు శుభ్రమైన గుడ్డలు పెట్టి తుడవాలి, ఒకటి తడిది, ఒకటి పొడిది.

సమస్య: బానెట్ వేలితో తాకితే పొడి వస్తోంది

ఎండ దెబ్బ. మా ఊర్లో ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటుతుంది. పై పొర చచ్చి సుద్దలా అవుతుంది. దీనికి రీపెయింట్ అక్కర్లేదు, సన్న కాంపౌండ్‌తో చేత్తో రుద్దితే కింద రంగు బతికే ఉంటుంది. గుడ్డకు రంగంటుకుంటే కంగారుపడొద్దు, క్లియర్ కోట్ (రంగు మీద వేసే పారదర్శక పొర) లేని పాత రంగు లక్షణమే అది. అంచుల దగ్గర మాత్రం చేయి తేలిగ్గా పెట్టండి, అక్కడ పొర పలచన. ఆ నెలల్లో రంగు కొట్టించాల్సి వస్తే తెల్లవారుజామునే, నిదానంగా ఆరే థిన్నర్‌తో.

రంగు మారిస్తే ఆర్టీవో ఆఫీసులో ఆర్సీలో కూడా మార్పించుకోవాలి. 50 ఏళ్లు దాటిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది, 2021లో వచ్చిన రూల్. కొత్తగా చేయించుకుంటే ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, కానీ రోజువారీ తిరగడానికి పనికిరాదు. నా ఫియట్‌కు 2028 దాకా ఆ బెంగ లేదు.

ఇప్పుడది లోపలా బయటా నీలమే. సీట్లాయన దగ్గర అడ్వాన్సు వెనక్కి అడగలేదు, నేను విప్పిన ఆ రెండంగుళాల కుట్టు మళ్లీ వేయించుకున్నా.