రౌటర్ కొనే ముందు: ఆటలో పింగు ఎందుకు ఎగురుతోంది?

గురి చూసి కాల్చేలోపే తెర బిగుసుకుపోతుంది. కదిలేసరికి మన పాత్ర నేల మీద ఉంటుంది. ఇలా నాలుగు రోజులు వరుసగా జరిగితే విశాఖలో చాలామంది చేసే మొదటి పని ప్లాన్ పెంచుకోవడం, రెండో పని ఎనిమిది యాంటెన్నాల ‘గేమింగ్’ రౌటర్ కొనుక్కోవడం. డబ్బు ఖర్చవుతుంది, పింగు (మన డేటా సర్వర్‌కు వెళ్లి తిరిగి రావడానికి పట్టే మిల్లీసెకండ్లు) మాత్రం చాలాసార్లు ఉన్నచోటే ఉంటుంది. ఆట నడవడానికి పెద్ద వేగం అక్కర్లేదు. చాలా ఆటలు ఆడుతున్నంతసేపూ ఒక ఎంబీపీఎస్ కూడా వాడవు. (ఆటను డౌన్‌లోడ్ చేసుకోవడం వేరే సంగతి. 300 ఎంబీపీఎస్ ప్లాన్ విలువ అప్పుడు తెలుస్తుంది.) ఆటకు కావలసింది ప్యాకెట్లు అనే చిన్న చిన్న డేటా మూటలు దారిలో ఎక్కడా నిలిచిపోకుండా, ఒకే తీరున వెళ్లి రావడం. అవి ఎక్కడ నిలిచిపోతున్నాయో తెలిస్తే ఏ రౌటర్ కొనాలో, అసలు కొనాలో వద్దో తేలిపోతుంది.

ముందు రెండు పింగులు

కంప్యూటర్‌లో రెండు కమాండ్ ప్రాంప్ట్ కిటికీలు తెరవండి. ఒకదానిలో మీ రౌటర్ చిరునామాకు పింగ్ పెట్టండి. అది ఎక్కువ ఇళ్లలో 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ అయి ఉంటుంది. రెండోదానిలో 8.8.8.8కు, అంటే బయట ఉన్న గూగుల్ సర్వర్‌కు, పెట్టండి. విండోస్‌లో పింగ్ ఆగకుండా నడవాలంటే చివర ఒక గీత, దాని పక్కన టీ అక్షరం చేర్చాలి. రెండింటినీ అలా వదిలేసి, మామూలుగా ఇబ్బంది పెట్టే వేళలోనే ఓ అరగంట ఆడండి.

రౌటర్ పింగే ఎగిరితే తప్పు ఇంట్లో ఉంది. రౌటర్ పింగు కుదురుగా ఉండి 8.8.8.8 పింగు ఎగిరితే తప్పు లైన్‌లోనో, లైన్ మొదలయ్యే చోట మీ ఫైబర్ పెట్టెలోనో (కనెక్షన్ ఇచ్చినవారు ఇంట్లో బిగించిన మోడెంలోనో) ఉంది. రెండూ కుదురుగా ఉండి ఆట ఒక్కటే తడబడుతుంటే అది సర్వర్ సంగతి, లేదా మీ కంప్యూటర్ సంగతి. ఈ మూడు ముక్కలు చూసుకోకుండా కస్టమర్ కేర్‌కు ఫోను చేస్తే ‘ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్’ అన్న మాట దాటి సంభాషణ ముందుకు కదలదు.

లక్షణం: రౌటర్‌కు పెట్టిన పింగే 2 నుంచి 80 మధ్య గంతులేస్తోంది

కారణం వైఫై, దాదాపు ప్రతిసారీ. ఎంవీపీ కాలనీలోనో సీతమ్మధారలోనో ఒక అపార్ట్‌మెంట్‌లో నిలబడి ఫోనులో చూస్తే ఇరుగుపొరుగు వైఫై పేర్లే తెర నిండా కనిపిస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిపై ఒకటి పడని ఛానళ్లు మూడే: 1, 6, 11. అందరూ అక్కడే కొట్టుకుంటారు. 5 గిగాహెర్ట్జ్‌కు మారితే కొంత నయం. అసలు మందు కేబుల్. కేబుల్ మీద రౌటర్ పింగు ఒక మిల్లీసెకండు కన్నా తక్కువ చూపించాలి, ఎప్పుడు చూసినా. ఫోనులో ఆడేవారికి కూడా దారి ఉంది: యూఎస్‌బీ-సీ ఈథర్‌నెట్ అడాప్టర్ పెడితే చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు కేబుల్‌ను గుర్తిస్తాయి.

లక్షణం: ప్లాన్ 300, కేబుల్ పెట్టి కొలిచినా 94 దాటదు

94, 95 దగ్గర గీత గీసినట్టు ఆగితే అది లైన్ లోపం కాదు. ఎక్కడో ఒక చోట లింకు 100 ఎంబీపీఎస్‌కు పడిపోయింది. హెడర్ల (ప్రతి ప్యాకెట్టుకూ అంటించే చిరునామా చీటీల) బరువు పోగా చేతికి మిగిలేది ఆ 94. విండోస్ సెట్టింగ్స్‌లో ఈథర్‌నెట్ వివరాలు తెరిస్తే లింక్ స్పీడ్ 100 అనో 1000 అనో స్పష్టంగా కనిపిస్తుంది.

కారణాలు రెండు. మొదటిది రౌటర్ పోర్టులే 100వి కావడం. పెట్టె మీద వైఫై వేగం 1200 అని పెద్ద అక్షరాలతో వేసి, పోర్టుల వివరం వెనకవైపు చిన్న అక్షరాల్లో ‘10/100’ అని పెట్టే చవక రౌటర్లు ఇప్పటికీ అమ్ముడవుతున్నాయి. ద్వారకానగర్ దుకాణాల్లో అడిగేటప్పుడు ‘వ్యాన్ పోర్టు, ల్యాన్ పోర్టులు అన్నీ గిగాబిట్టేనా అండీ?’ అని అడగండి. (వ్యాన్ అంటే బయటి లైన్ వచ్చి చేరేది, ల్యాన్ అంటే ఇంట్లో పరికరాలకు పోయేది, గిగాబిట్ అంటే 1000 ఎంబీపీఎస్.) ‘డ్యూయల్ బ్యాండ్ సార్, సూపర్ ఉంటుంది’ అన్నది ఆ ప్రశ్నకు జవాబు కాదు.

రెండోది కేబుల్. గిగాబిట్‌కు నాలుగు జతల తీగలూ, అంటే ఎనిమిదీ పనిచేయాలి. 100కు రెండు జతలు చాలు. ఒక్క తీగ తెగినా చాలా పరికరాలు కిక్కురుమనకుండా 100కు దిగిపోతాయి, నెట్ మాత్రం నడుస్తూనే ఉంటుంది. అందుకే ఈ లోపం ఏళ్ల తరబడి ఎవరి కంటా పడదు. లాసన్స్ బే కాలనీ, కిర్లంపూడి లేఅవుట్ లాంటి సముద్రం పక్క ఇళ్లలో దీనికి ఉప్పుగాలి తోడవుతుంది. కేబుల్ ఊడదీసి క్లిప్పు కొనను వెలుతురులో చూడండి. ఎనిమిది బంగారు రంగు పలకలు వరుసగా మెరుస్తూ ఉండాలి. వాటి అంచున ఆకుపచ్చగా పొడి కట్టి ఉంటే తుడుచుకుంటూ కూర్చోకండి, కొన కత్తిరించి కొత్త క్లిప్పు వేయించండి. తీగ కత్తిరించినప్పుడే ఇంకొకటి చూడండి: లోపలి తీగను బ్లేడుతో కొద్దిగా గీకితే కింద కూడా రాగి రంగే ఉండాలి. తెల్లగా బయటపడితే అది రాగి పూత పూసిన అల్యూమినియం. ఇది వంచితే తొందరగా విరుగుతుంది, తేమ చేరితే తొందరగా పాడవుతుంది. మీటరుకు నాలుగు రూపాయలు ఎక్కువైనా స్వచ్ఛమైన రాగి క్యాట్ 5ఈ గానీ క్యాట్ 6 గానీ తీసుకోండి. ఇంటికి క్యాట్ 5ఈ చాలు, 100 మీటర్ల వరకూ గిగాబిట్ మోస్తుంది. మేడ బయట గోడ మీదుగా దించేటట్టయితే ఎండకు ఆగే నల్ల తొడుగు కేబుల్ అడగండి.

లక్షణం: నాన్న ఫోనులో ఫొటోలు ఎక్కుతున్నంతసేపూ పింగు 300

రౌటర్ ఎంపిక నిజంగా లెక్కలోకి వచ్చేది ఇక్కడే.

ముందు నిర్ధారణ. ఇంట్లో టీవీ, మిగతా ఫోన్లు, సీసీ కెమెరాలు అన్నీ ఆపి ఒక్క కంప్యూటర్‌నే కేబుల్‌తో ఉంచండి. 8.8.8.8 పింగు చూస్తూ ఒక పెద్ద ఫైలు అప్‌లోడ్‌కు పెట్టండి. 25 దగ్గర ఉన్న పింగు అప్‌లోడ్ మొదలవగానే 200, 300కు చేరి, ఆపగానే దిగివస్తే మీ జబ్బు పేరు బఫర్‌బ్లోట్. ఇంట్లో ఏమీ నడవకపోయినా రాత్రి తొమ్మిదింటికి పింగు పెరుగుతుంటే అది కనెక్షన్ ఇచ్చినవారి దగ్గరి రద్దీ. దానికి రౌటర్ మందు కాదు. రోజూ వేళ, పింగు రాసి పెట్టుకుని ఫిర్యాదు చేయండి, కదలకపోతే కనెక్షన్ మార్చండి.

బఫర్‌బ్లోట్ ఎలా పుడుతుందంటే, లైన్ మోయగలిగిన దానికన్నా ఎక్కువ డేటా వచ్చినప్పుడు పెట్టె దాన్ని పారేయకుండా జ్ఞాపకంలో పోగేస్తుంది. ఒక మెగాబైటు పోగుపడిందనుకోండి, అంటే 8 మెగాబిట్లు. అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్ అయితే అది ఖాళీ కావడానికి 400 మిల్లీసెకండ్లు పడుతుంది. వెనక వచ్చిన మీ ఆట ప్యాకెట్టు ఎంత చిన్నదైనా ఆ 400 ఆగాల్సిందే, పోర్టు నుంచి బారులు తీరిన లారీల వెనక కాన్వెంట్ జంక్షన్‌లో ఇరుక్కున్న స్కూటర్‌లాగా. ప్లాన్ పెంచితే లారీలు కాస్త త్వరగా కదులుతాయి, అంతే.

పరిష్కారం స్కూటర్లను ముందుకు వదిలే రౌటర్. దీన్ని స్మార్ట్ క్యూ మేనేజ్‌మెంట్, పొట్టిగా ఎస్‌క్యూఎం అంటారు. దాని వెనక పనిచేసే పద్ధతులు రెండు: ఎఫ్‌క్యూ-కోడెల్, కేక్. మొదటిది 2012 నుంచి, రెండోది 2018 నుంచి లినక్స్ కెర్నెల్‌లో ఉన్నాయి. ప్రతి ప్రవాహానికీ విడి వరుస ఇచ్చి, ఏ వరుసా పొడుగు కాకుండా చూస్తాయి. పెట్టె మీద ‘క్యూఓఎస్’ (క్వాలిటీ ఆఫ్ సర్వీస్) అని ఉన్నంత మాత్రాన ఇవి ఉన్నట్టు కాదు. చాలా రౌటర్లలో ఆ మాటకు అర్థం ‘ఈ పరికరానికి ముందు చోటు’ అనే ఒక టిక్కు మాత్రమే. యాంటెన్నాల సంఖ్యకైతే దీనితో ఏ సంబంధమూ లేదు.

ఇక ఎంపిక. వైఫై లేని, కేబుల్ రౌటర్ల వరుసలో మైక్రోటిక్ హెక్స్ చిన్న పెట్టె, ఐదు గిగాబిట్ పోర్టులు. దాని సాఫ్ట్‌వేర్ రౌటర్‌ఓఎస్ 7లో కేక్ ఉంది. సెట్టింగులు మాత్రం తొలిరోజు బెదరగొడతాయి, ఓపిక ఉన్నవారికే. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రౌటర్ సాఫ్ట్‌వేర్ ఎక్కించగల రౌటర్ అయితే ఎస్‌క్యూఎం పేజీ తేలిక: డౌన్‌లోడ్, అప్‌లోడ్ వేగాల అంకెలు రెండూ ఇచ్చి కేక్ ఎంచుకుంటే సరిపోతుంది. అయితే కొనే ముందు మీ మోడల్, దాని వెర్షన్ సంఖ్యతో సహా, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పరికరాల జాబితాలో ఉందో లేదో సరిచూసుకోండి. ఒకే పేరు మీద లోపలి చిప్పులు మారిపోతుంటాయి. ఇంట్లో రెండు కనెక్షన్లు పెట్టుకుని ఒకటి పోతే రెండోది అందుకోవాలనేవారికి టీపీ-లింక్ ఈఆర్605 బాగుంటుంది.

ప్రాసెసర్ సంగతి దుకాణంలో ఎవరూ చెప్పరు. క్యూ నడవాలంటే ప్రతి ప్యాకెట్టూ ప్రాసెసర్ చేతిలో పడాలి, హార్డ్‌వేర్ ఆఫ్‌లోడింగ్ అనే అడ్డదారి మూసుకుపోతుంది. అందుకే మామూలుగా గిగాబిట్ పరుగెత్తే చవక పెట్టె ఎస్‌క్యూఎం పెట్టగానే 150, 200 దగ్గర చతికిలబడవచ్చు. మీది 100 ప్లాన్ అయితే ఆ పెట్టే దివ్యంగా సరిపోతుంది. 300 దాటితే బలమైన ప్రాసెసర్ కావాలి. నన్నడిగితే 500 ప్లాన్ మీద క్యూ లేని రౌటర్ కన్నా 100 ప్లాన్ మీద క్యూ ఉన్న రౌటర్ ఆటకు మేలు, నెలనెలా డబ్బూ మిగులుతుంది.

అమర్చేటప్పుడు రాత్రి తొమ్మిదికి, కేబుల్ మీద వేగం కొలవండి. వచ్చినదానిలో 85 నుంచి 90 శాతం అంకెను డౌన్‌లోడ్‌కు, అప్‌లోడ్‌కు విడివిడిగా ఇవ్వండి. 100 వస్తే 88 ఇస్తే సరి. ఆ పది శాతం వదులుకోకపోతే వరుస మళ్లీ ఫైబర్ పెట్టెలోనే కడుతుంది, మీ రౌటర్‌కు దాని మీద పట్టు ఉండదు. తర్వాత అదే అప్‌లోడ్ పరీక్ష మళ్లీ చేయండి. పింగు పది, ఇరవై మిల్లీసెకండ్లకు మించి పెరగకూడదు.

లక్షణం: కొత్త రౌటర్ పెట్టాను, నెట్ రావడమే లేదు

పాత పెట్టె విప్పే ముందు కనెక్షన్ పీపీపీఓఈనా (రౌటర్ లాగిన్ అయితేనే నెట్ వచ్చే పద్ధతి), దాని యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఏమిటి, వీల్యాన్ సంఖ్య (లైన్‌లో మీ డేటాకు వేసే గుర్తు) ఏమైనా ఉందా అని అడిగి రాసుకోవాలి. బీఎస్ఎన్ఎల్ ఫైబర్‌లో పీపీపీఓఈనే వాడతారు. కొన్ని కేబుల్ ఆపరేటర్ల దగ్గర పాత రౌటర్ మ్యాక్ చిరునామాకే, అంటే ఆ పరికరం గుర్తింపు సంఖ్యకే, తాళం వేసి ఉంటుంది. కొత్త రౌటర్‌లో ‘మ్యాక్ క్లోన్’ చేసి పాతదాని సంఖ్యే ఇవ్వండి, లేదా వారికి చెప్పి మార్పించండి. ఫైబర్ పెట్టె, మీ రౌటర్ రెండూ 192.168.1.1 అని పేరు పెట్టుకుని కూర్చుంటే కూడా నెట్ రాదు. మీ దాన్ని 192.168.50.1కు మార్చండి.

లక్షణం: ‘నాట్ టైప్ స్ట్రిక్ట్’ అంటోంది, మిత్రులతో కలవలేకపోతున్నాను

ఇంట్లోని చిరునామాలను ఒక బయటి చిరునామాగా మార్చే రౌటర్ పనినే నాట్ అంటారు. ఫైబర్ పెట్టె ఒక రౌటర్, మీది ఇంకో రౌటర్ అయినప్పుడు చిరునామా రెండుసార్లు మారుతుంది. ఫైబర్ పెట్టెను బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి లైన్‌ను మాత్రం దాటించేలా) పెట్టమని టెక్నీషియన్‌ను అడగండి. కుదరదంటే ఆ పెట్టెలో డీఎంజెడ్ (బయటి నుంచి వచ్చేదంతా ఒకే పరికరానికి పంపే సెట్టింగు) కింద మీ రౌటర్ చిరునామా ఇవ్వండి, మీ రౌటర్‌లో యూపీఎన్‌పీ (ఆట తనకు కావలసిన దారి తానే తెరుచుకునే సెట్టింగు) ఆన్ చేయండి.

ఇంత చేసినా మారకపోతే రౌటర్ వ్యాన్ చిరునామా చూడండి. అది 100.64 నుంచి 100.127 లోపు మొదలవుతుంటే మీరు సీజీనాట్ వెనక ఉన్నారు, అంటే ఒకే పబ్లిక్ చిరునామాను ఎందరో పంచుకుంటున్నారు. ఏ రౌటరూ దీన్ని దాటలేదు. స్టాటిక్ ఐపీ (మీ ఒక్కరికే కేటాయించే మారని చిరునామా) ఇస్తారేమో అడగాలి, లేదా ఐపీవీ6 అనే కొత్త తరం చిరునామాల పద్ధతి ఆన్ చేయాలి, ఆట దాన్ని వాడగలిగితే. అయితే వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటివి కంపెనీ సర్వర్ల మీద నడుస్తాయి కనుక నాట్ రకంతో వాటికి పెద్దగా పని లేదు. ఇంట్లోనే మైన్‌క్రాఫ్ట్ సర్వర్ పెట్టేవారికి, ఆటగాళ్లు నేరుగా ఒకరితో ఒకరు కలిసే ఆటలకే ఈ తిప్పలు.

లక్షణం: అన్నీ బాగున్నాయి, అయినా పింగు 70 కిందికి దిగదు

ఆటలో సర్వర్ ఏ ఊరు ఎంచుకున్నారో చూడండి. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది, కనుక ప్రతి 100 కిలోమీటర్లకు రానూపోనూ ఒక మిల్లీసెకండు. విశాఖ నుంచి ముంబై గీత గీస్తే దాదాపు 1,100 కిలోమీటర్లు, అంటే కనీసం 11. కేబుల్ సూటిగా పోదు కనుక 25 నుంచి 40 మధ్య వస్తే సంతోషించాలి. సింగపూర్ దాదాపు 2,900 కిలోమీటర్లు. అక్కడి సర్వర్‌లో ఆడుతూ 20 కావాలంటే రౌటర్ ఏం చేస్తుంది పాపం!

2025 అక్టోబరులో గూగుల్ విశాఖకు 1,500 కోట్ల డాలర్ల ఏఐ హబ్‌ను, సముద్రగర్భ కేబుళ్లు దిగే స్థావరాన్ని ప్రకటించినప్పటి నుంచి ‘ఇక మన ఊళ్లో పింగు ఐదే’ అనేవారు తగులుతున్నారు. ఆట కంపెనీ తన సర్వర్‌ను ఇక్కడ పెడితే తప్ప ఆ ముచ్చట తీరదు.

ట్రేసర్ట్ (సర్వర్ దాకా దారిలోని మజిలీలన్నీ చూపే కమాండ్) పెట్టి చూసేవారికి ఒక హెచ్చరిక: మధ్యలో ఒక్క మజిలీ నక్షత్రాలు చూపించి, తర్వాతివి మామూలుగా ఉంటే అది లోపం కాదు. ఆ రౌటర్ జవాబివ్వడానికి బద్ధకిస్తోంది, అంతే. అక్కడ మొదలైన నష్టం చివరిదాకా కొనసాగితేనే పట్టించుకోండి.

లక్షణం: కరెంటు పోయి వచ్చినా, వాన పడినా మ్యాచ్ పోతోంది

ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులోనే రౌటర్, ఫైబర్ పెట్టె రెండూ మళ్లీ మొదలై రెండు మూడు నిమిషాలు తింటాయి. 12 వోల్టుల మినీ యూపీఎస్ రెండింటికీ కలిపి పెట్టండి. ఏది ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు అడుగుతోందో అడాప్టర్ మీద చదివే కొనండి. కొన్ని పెట్టెలు 9 వోల్టులవి.

ఉరుముల కాలంలో మేడ మీదుగా, మెట్ల దగ్గరి స్విచ్ నుంచి వచ్చే రాగి కేబుల్‌ను ఊడదీసి ఉంచండి. పిడుగు దూరంగా పడినా ఆ తీగలో పుట్టే విద్యుత్తు వ్యాన్ పోర్టును కాల్చేయగలదు. గాజు ఫైబర్‌కు ఆ భయం లేదు, దాని కష్టం వంపుతోనూ అతుకులతోనూ. వాన పడ్డప్పుడల్లా నెట్ తెగుతుంటే ఫైబర్ పెట్టె పేజీలో ‘ఆర్ఎక్స్ పవర్’ అంకె, అంటే పెట్టెకు చేరుతున్న కాంతి బలం, చూడండి. -15 నుంచి -25 డీబీఎం మధ్య ఉంటే మంచిదే. -27కు దిగజారితే ఎర్ర దీపం వెలగడానికి సిద్ధంగా ఉన్నట్టు. ఎండ కాసినప్పటి అంకె, వానలో అంకె రెండూ ఫొటో తీసి ఫిర్యాదులో జత చేయండి. అప్పుడు వచ్చే టెక్నీషియన్ మీ రౌటర్ జోలికి పోకుండా స్తంభం మీది అతుకు దగ్గరికి నిచ్చెన వేస్తాడు.